పుదీనా: వాసన ముక్కుది, చల్లదనం నరానిది

(గ్రంథాలయం హాల్లో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు చిన్న పని ఉంది. మీ చేతికి రెండు వచ్చి ఉండాలి. ఒకటి పుదీనా రెమ్మ, ఇంకోటి పిప్పరమెంటు బిళ్ళ. వెనక వరుసకి అందాయా? ఆ ట్రే కాస్త అటు పంపండమ్మా. అప్పుడే ఎవరూ నోట్లో వేసుకోకండి. అదిగో, ఆ బాబు వేసేసుకున్నాడు. పరవాలేదు నాన్నా, ఇంకోటి తీసుకో.

ఇప్పుడు ముక్కు గట్టిగా మూసుకోండి. రెండు వేళ్ళతో మూసుకోండి, సిగ్గుపడకండి, అందరూ మూసుకుంటున్నారుగా. మూసుకునే బిళ్ళ నోట్లో వేసుకుని చప్పరించండి. ముక్కు వదలొద్దు. ఏం తెలుస్తోంది? తీపి తెలుస్తోంది. ఇంకా? చల్లగా ఉంది, అవునా? నాలుక మీద, అంగిట్లో జివ్వుమంటోంది. మరి పిప్పరమెంటు వాసన వస్తోందా? రావట్లేదు కదా. సరే, ఇప్పుడు ముక్కు వదలండి.

చూశారా! గుప్పుమంది కదూ?

ఇప్పుడు ఆకు సంగతి చూద్దాం. కాసిని మంచినీళ్ళు తాగి, మళ్ళీ ముక్కు మూసుకుని రెండు ఆకులు నమలండి. కాస్త పసరు, కాస్త చేదు. గడ్డి నమిలినట్టుందని ఎవరో అన్నారు, కరెక్టే. ముక్కు వదలండి. ఇప్పుడొచ్చింది పుదీనా. మరి బిళ్ళ చేసినంత చలి చేసిందా ఆకు? చేయలేదు. ఏదో కాస్త, అంతే. ఇది గుర్తుపెట్టుకోండి, వంటింట్లోకి వెళ్ళాక పనికొస్తుంది.

మనం 'పుదీనా రుచి' అని ఒక్కమాటలో అనేస్తాం గానీ అందులో రెండు సంగతులున్నాయి. ఒకటి వాసన. నమిలేటప్పుడు నోట్లోంచి గొంతు వెనకగా ముక్కులోకి ఎక్కే వాసన. రెండోది చల్లదనం. అది వాసనా కాదు, రుచీ కాదు. మొహానికీ నోటికీ వేడి, చలి, నొప్పి తెలిపే నరం ఒకటుంది, ట్రైజెమినల్ అంటారు. చల్లదనం దాని పని. నాలుకకి తెలిసే తీపి, పులుపు, ఉప్పు, చేదు లాంటివాటిలో పుదీనా వాటా దాదాపు ఏమీ లేదు. ఈ రెండిటినీ విడదీసి చూస్తే పచ్చడిలో, బిర్యానీలో, మజ్జిగలో పుదీనాని ఎప్పుడు వేయాలి, ఎలా వేయాలి అన్నది తెలిసిపోతుంది. ఇవాళ నేను చెప్పేది అదొక్కటే. మధ్యలో అటూ ఇటూ తిరుగుతాను, మీరే లాక్కురావాలి.

ముందు చల్లదనం సంగతి. బిళ్ళ చప్పరించినప్పుడు నోరు నిజంగా చల్లబడిందా? థర్మామీటరు పెట్టి చూడండి. అణువంత కూడా మారదు. మరి చలెందుకు వేసింది? ఆ నరాల చివర్లలో చలిని పసిగట్టే ప్రొటీన్ ఒకటుంది. దాని పేరు టీఆర్‌పీఎం8. మామూలుగా అయితే సుమారు 25 డిగ్రీల కంటే కిందికి దిగితేనే అది మేలుకుని, 'చల్లగా ఉంది' అని మెదడుకి కబురు పంపుతుంది. పిప్పరమెంటులో ఉండే మెంథాల్ వెళ్ళి దానికి అతుక్కోగానే ఆ లెక్క తప్పుతుంది. మన నోటి వేడి 36, 37 డిగ్రీలు ఉన్నా సరే, చలి చలి అంటుంది. అబద్ధపు కబురన్నమాట. మెదడు నమ్మేస్తుంది, పాపం దానికేం తెలుసు?

ఈ ప్రొటీన్‌ని 2002లో రెండు బృందాలు విడివిడిగా పట్టుకున్నాయి. ఒకటి డేవిడ్ జూలియస్‌ది, రెండోది ఆర్డెం పటపూటియన్‌ది. వాళ్ళిద్దరికీ 2021లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు. అంతకుముందు 1997లో జూలియస్ దేంతో మొదలుపెట్టాడో తెలుసా? మిరపకాయతో! మిరపలో ఉండే క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే ప్రొటీన్‌ని ఇలాగే మోసం చేస్తుంది. నోరు కాలకపోయినా కాలిందంటుంది. గుంటూరు కారం తిని 'మండిపోతోంది బాబోయ్' అంటామే, ఆ మాటలో సైన్సుంది. మండేది లేదు, మండినట్టు కబురొక్కటే ఉంది. పచ్చిమిర్చీ పుదీనా కలిపి నూరుకుని తినే జాతి మనది. ఒకే ముద్దలో రెండు మోసాలు!

ఇంకో మాట. జలుబు చేసినప్పుడు మెంథాల్ ఉన్న బామ్ రాసుకుంటే ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది కదా. గాలి ఎంత వెళ్తోందో కొలిచి చూస్తే దారి పెద్దగా వెడల్పయినట్టు కనిపించదు. పీల్చిన గాలి చల్లగా తగిలేసరికి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, అంతే. అలాగని దండగ అనను, అనిపించడమూ సుఖమేగా! చంటిపిల్లల ముక్కు దగ్గర మాత్రం అలాంటివి రాయకండి, వాళ్ళకి ఊపిరి ఇబ్బంది అవుతుంది. బామ్ అన్నాను కాబట్టి, మనవాడి పేరు తలుచుకోకుండా ఎలా పోతాం? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ డబ్బుతోనే తర్వాత ఆంధ్రపత్రిక నడిపారు. అంటే తెలుగు పత్రికా రంగానికి మెంథాల్ చేసిన సాయం చిన్నది కాదు. సరే, దారి తప్పాను. వాసన దగ్గరికొద్దాం.

మీ చేతిలో ఉన్న ఆకుని ఇంగ్లీషువాళ్ళు స్పియర్‌మింట్ అంటారు. మన మార్కెట్లో కట్టలు కట్టి అమ్మేది ఎక్కువగా ఈ జాతే. దీని నూనెలో సగానికి పైగా కార్వోన్ అనే పదార్థం ఉంటుంది. మెంథాల్ బహు తక్కువ. అందుకే ఆకు నమిలితే వాసన బోలెడు, చలి కొంచెం. పిప్పరమెంటు వేరే మొక్క. స్పియర్‌మింట్‌కీ నీటి ఒడ్డున పెరిగే వాటర్‌మింట్‌కీ పుట్టిన సంకరం. దానికి గింజ కట్టదు, కాడలు నాటి పెంచాల్సిందే. దాని నూనెలో మెంథాల్ 30 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. అందుకే ఆ జివ్వు. టూత్‌పేస్టు, చూయింగ్ గమ్, బిళ్ళలు తిని 'పుదీనా అంటే చల్లగా ఉంటుంది' అనుకుని పెరిగిన పిల్లలకి, ఇంట్లో పుదీనా పచ్చడి పెడితే 'ఇది పుదీనాలా లేదేంటి' అంటారు. వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళు తిన్నది వేరు.

కార్వోన్ గురించి ఒక ముచ్చట చెప్పాలి. సోయ కూర తెలుసు కదా? తెలంగాణలో బాగా వండుతారు, సన్నగా దారాల్లా ఉండే ఆకు. దాని గింజల్లో కూడా కార్వోనే ఉంటుంది. అవే పరమాణువులు, అవే బంధాలు. ఒక్కటే తేడా. మీ కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ ఒకేలా ఉన్నా ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు చూడండి, అలా ఇవి రెండూ అద్దంలో బొమ్మల్లాంటివి. ఒకటి ముక్కుకి పుదీనా, ఇంకోటి ముక్కుకి సోయ గింజ. ముక్కులో వాసన పట్టే ప్రొటీన్లు కుడి ఎడమల తేడా చెప్పగలవు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? మెంథాల్‌కైతే ఇలాంటి రూపాలు ఎనిమిదున్నాయి. అన్నిటికన్నా బాగా చలి పుట్టించేది అందులో ఒక్కటే. మొక్క సరిగ్గా దాన్నే తయారుచేస్తుంది.

ఆ మెంథాల్ ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా మీకు? ఎవరైనా చెప్పండి. అమెరికానా? కాదండీ. మీ బిళ్ళలోదీ, మీ టూత్‌పేస్టులోదీ చాలావరకు ఉత్తరప్రదేశ్ నుంచి. బారాబంకీ, రాంపూర్, సంభల్, బదాయూఁ, ఆ చుట్టుపక్కల జిల్లాల నుంచి. అక్కడ పండించేది మూడో జాతి, జపాన్ పుదీనా అంటారు. అక్కడి రైతులు మెంథా అంటారు. దాని నూనెలో మెంథాల్ 70 నుంచి 80 శాతం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ప్రపంచానికి మెంథాల్ అంటే జపానే, అక్కడ హొక్కైడోలో కిటామి అనే ఊరు. యుద్ధంతో అది పడిపోయింది. తర్వాత బ్రెజిల్ వచ్చింది, తర్వాత చైనా, ఆ తర్వాత మనం. 1950ల్లో మొక్క మన దేశానికి వచ్చింది, లక్నోలో ఉన్న సీమ్యాప్ అనే ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ మంచి రకాలు తీసింది, కోసీ లాంటివి. ఇప్పుడు సహజ మెంథాల్‌లో మనమే పెద్ద.

బంగాళాదుంపో గోధుమో కోసేశాక, వరి నాట్లు పడేలోపు, మధ్యలో ఉన్న మూడు నాలుగు నెలలు ఆ పొలంలో మెంథా. మే, జూన్‌లలో కోత. కోసి ఒక పూట ఆరబెట్టి, ఊళ్ళోనే ఉండే ఇనప తొట్టెలో వేసి కాళ్ళతో తొక్కి నింపుతారు. మూత బిగిస్తారు. కింద మంట. పొయ్యిలోకి ఏం వేస్తారో తెలుసా? నూనె తీసేశాక మిగిలిన పాత మెంథా పిప్పి, ఎండబెట్టి అదే వేస్తారు. ఆవిరి పైకొచ్చి గొట్టంలోంచి నీళ్ళ తొట్టెలో మునిగి చల్లబడుతుంది. అవతల డబ్బాలో నీళ్ళ మీద నూనె తేలుతుంది. గరిటెతో తీసుకోవడమే. ఆ నూనెని బాగా చల్లబరిస్తే మెంథాల్ సూదుల్లా గడ్డకడుతుంది.

కోతకి ముందు వాన పడితే రైతుకి నూనె తగ్గిపోతుంది. టెన్షన్ అది ఒకటి. రెండోది ధర. మెంథా నూనె కమోడిటీ ఎక్స్ఛేంజీలో కూడా ఆడుతుంది, ఈ ఏడు ధర వచ్చే ఏడు ఉండదు. పైగా పొలం అక్కర్లేకుండా ఫ్యాక్టరీలో మెంథాల్ చేస్తున్నారు. జపాన్ కంపెనీ టకసాగో 1980ల్లోనే మొదలుపెట్టింది, ర్యోజీ నొయోరి అనే ఆయన కనిపెట్టిన ఉత్ప్రేరకంతో. ఆయనకి 2001లో రసాయనంలో నోబెల్ వచ్చింది. నేను చెప్పిన ఎనిమిది రూపాల్లో కావలసిన ఒక్కదాన్నే చేయగలగడం ఆయన గొప్పతనం. జర్మనీ కంపెనీలూ చేస్తున్నాయి. కెమిస్ట్రీ మనిషిగా నాకది అద్భుతం. బారాబంకీ రైతుకి అది పోటీ. రెండూ నిజమే.

ఇక వంటింటికి. ఎదురుచూస్తున్నారు, నాకు తెలుస్తోంది.

ఆ రెమ్మ ఇంకా ఉంటే చేతిలోకి తీసుకోండి. భూతద్దం ఉంటే ఇంకా బావుండేది. లేకపోయినా ఆకు వెనక్కి తిప్పి వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే సన్నటి చుక్కలు మెరుస్తాయి, కళ్ళు బావున్నవాళ్ళకి. అవి నూనె తిత్తులు. పుదీనా వాసనంతా ఆకు లోపల కాదు, దాదాపు అంతా ఆ పైచర్మం మీదున్న తిత్తుల్లోనే. పల్చటి పొర, లోపల నూనె. వేలితో రాస్తే పగులుతుంది. అందుకే మొక్క పక్క నుంచి నడిచి వెళ్తే వాసన రాదు, చెయ్యి తగిలితే వస్తుంది. మరి ఇలాంటి ఆకుని మనం ఏం చేస్తున్నాం? కట్ట మొత్తం మూకుట్లో పడేసి, నూనెలో పది నిమిషాలు మగ్గపెడుతున్నాం. ఇల్లంతా ఘుమఘుమ. పక్కింటివాళ్ళు కూడా 'పుదీనా పచ్చడా?' అని అడుగుతారు. మరి పచ్చడిలో? పక్కింటికి వెళ్ళిపోయింది కదమ్మా!

నవ్వుతున్నారు గానీ నిజం అదే. ఇంట్లో వాసన వస్తోందంటే గిన్నెలోంచి పోతోందని. కార్వోన్ దానంతటదే మరగాలంటే 230 డిగ్రీలు కావాలి, కానీ నీటి ఆవిరితో పాటు తేలిగ్గా లేచిపోతుంది. బారాబంకీలో తొట్టె కింద మంట పెట్టి చేసేది సరిగ్గా అదే. వాళ్ళు గొట్టం పెట్టి పట్టుకుంటారు, మనం కిటికీలోంచి వదిలేస్తాం.

మగ్గించొద్దని కాదు నేననేది. మగ్గిస్తే పసరు పోతుంది, పచ్చడి నాలుగు రోజులు నిలవుంటుంది, అదొక రుచి. మా అమ్మమ్మగారి పద్ధతి మాకు ముఖ్యం అంటారా, ముఖ్యమే. కానీ ఒక గుప్పెడు ఆకు పక్కన పెట్టుకోండి. మిర్చి, చింతపండు, వెల్లుల్లి, మగ్గిన ఆకు అన్నీ నలిగాక ఆఖర్న ఆ పచ్చి ఆకు వేసి రెండు తిప్పులు తిప్పండి. రోలైతే ఇంకా మంచిది. బండతో నూరితే తిత్తులు చితికి, నూనె ముద్దలోనే కలుస్తుంది. మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే జారు వేడెక్కుతుంది, గాలి కలుస్తుంది, ఆకు నల్లబడుతుంది. నల్లబడటం ఎందుకని చాలామంది అడుగుతారు. కోసిన వంకాయ నల్లబడే కారణమే, ఆకులోని ఎంజైము గాలితో కలిసి చేసే పని. దానికి తోడు పులుపూ వేడీ కలిస్తే పచ్చదనం పోయి ముదురు ఆలివ్ రంగు వస్తుంది. కబాబుల పక్కన ఇచ్చే చట్నీ పచ్చగా ఉండాలంటే మిక్సీ జారులో రెండు ఐసు ముక్కలు వేయండి, నిమ్మరసం చివర్లో పిండండి. హోటళ్ళలో ఇచ్చే పుదీనా చట్నీ చాలాచోట్ల కొత్తిమీర చట్నీయే, పేరుకి నాలుగు పుదీనా ఆకులు. రంగు చూసి మోసపోకండి.

బిర్యానీ. హైదరాబాద్ కచ్చీ బిర్యానీలో పుదీనా రెండుసార్లు పడుతుంది, గమనించారా? నానబెట్టేటప్పుడు మాంసంలో ఒకసారి, బియ్యం పరిచేటప్పుడు పొరల మధ్య ఇంకోసారి. మాంసంలో వేసింది గంటల తరబడి పెరుగులో నానుతుంది. ఇక్కడో కీలకం చెప్తాను. పుదీనా నూనె నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పెరుగులో వెన్న ఉంది, పైన నెయ్యి పోశారు, మాంసంలో కొవ్వుంది. వాసన వాటిలో దాక్కుంటుంది. ఇక పైన చల్లింది. మూత చుట్టూ పిండి పెట్టి మూసేస్తాం కదా, లేచిన ఆవిరి మూతకి తగిలి నీళ్ళై మళ్ళీ బియ్యం మీదే పడుతుంది. దమ్ అంటే అదే. మెత్తగా ఉడకడానికి మాత్రమే దమ్ అనుకుంటారు చాలామంది. వాసన కోసం కూడా. అందుకే మూత తీయడం వంటింట్లో కాదు, తినేవాళ్ళ ముందు తీయాలి. ఫంక్షన్ హాల్లో గంట ముందే మూతలు తీసి పెట్టేసిన బిర్యానీకి, అప్పుడే తీసినదానికి తేడా ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

కొవ్వు సంగతి ఇరాన్‌వాళ్ళకి బాగా తెలుసు. వాళ్ళ ఆష్ అనే చిక్కటి సూప్ మీద ఎండు పుదీనాని వేడి నూనెలో కొద్ది క్షణాలు వేయించి, ఆ నూనెతో సహా పోస్తారు. మన పోపు లాంటిదే. కొద్ది క్షణాలే, మాడితే చేదు. ఎండు పుదీనాని చిన్నచూపు చూడకండి. నీడన ఆరబెడితే కార్వోన్ చాలావరకు నిలుస్తుంది, పచ్చిదనమే పోతుంది. పప్పుచారులో దించాక అరచెంచా నలిపి వేసి చూడండి.

మొరాకో టీ గురించి రాసి ఇచ్చారు ఒకరు. చైనా గ్రీన్ టీ, దండిగా చక్కెర, గుప్పెళ్ళకొద్దీ స్పియర్‌మింట్, ఎత్తునుంచి పోయడం. అది ఎప్పటి నుంచో ఉన్న అలవాటనుకుంటాం గానీ, అక్కడ టీ ఇంటింటికీ పాకింది 19వ శతాబ్దంలోనే. క్రిమియా యుద్ధంలో అమ్ముడుపోని టీని బ్రిటిష్ వర్తకులు మొరాకో రేవుల్లో దించారు. అందులో చక్కెర ఎందుకంత? అలవాటు ఒకటి. కానీ ఇంకో కారణం కూడా చెప్తాను వినండి. చూయింగ్ గమ్ నమిలితే కాసేపటికి మింట్ అయిపోయినట్టు ఉంటుంది కదా? పరిశోధకులు నమిలేవాళ్ళ ముక్కులోంచి వచ్చే గాలిని కొలిచారు. వాసన పదార్థం ఇంకా అలాగే వస్తోంది! అయిపోయింది తీపి. తీపి తగ్గేసరికి మింటే పోయిందని అనుకుంటున్నారు. మెదడు రెండిటినీ జతకట్టి పెట్టుకుంది. కాబట్టి పుదీనా పచ్చడిలో చిన్న బెల్లం ముక్క వేసే అలవాటు ఉన్నవాళ్ళు మానకండి. లేనివాళ్ళు చిటికెడు వేసి చూడండి. తియ్యగా అవ్వాల్సిన పనిలేదు, పుదీనా పెరుగుతుంది.

కట్ట ఎలా దాచాలి అని ముందు వరుసలో అమ్మగారు అడిగారు. కడగకండి. తడి ఉంటే మర్నాటికి కుళ్ళుతుంది. పాడైన ఆకులు ఏరేసి, కాడల చివర్లు కాస్త కోసి, గ్లాసులో రెండంగుళాల నీళ్ళు పోసి అందులో నిలబెట్టండి. పైన వదులుగా కవరు కప్పండి. వారం, పది రోజుల్లో కాడలకి వేళ్ళొస్తాయి, కుండీలో గుచ్చేయండి. విడి కుండీలోనే సుమండీ, పక్కన వేరే మొక్క ఉంటే దాన్ని బతకనివ్వదు.

మజ్జిగ బయట పెట్టారట. ఉప్పు, జీలకర్ర, అల్లం వేసి ఉంది. పుదీనా మాత్రం అందులో వేయొద్దని చెప్పాను. పక్కన గిన్నెలో ఉంది. గ్లాసు చేతిలోకి తీసుకున్నాక నాలుగు ఆకులు అరచేతిలో నలిపి మీరే వేసుకోండి. షుగర్ లేనివాళ్ళకి చక్కెర డబ్బా కూడా అక్కడే ఉంది.